‘బ్లాక్ ఎక్కితే భయం పోతుంది’ అనే వాళ్లకి

చలికాలం మొదలైతే చాలు, అమెరికాలో మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో స్కీయింగ్ గురించి ఒక సలహా తిరుగుతుంటుంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఇది: “బ్లూ రన్‌లు దిగడం వచ్చాక ఇక క్లాసులు దండగ. భయం పోవాలంటే బ్లాక్ డైమండ్ ఎక్కాలి. గ్రూప్ క్లాసులో మనల్ని ఎవరూ పట్టించుకోరు. మరీ కావాలంటే ఒక్క రోజు ప్రైవేట్ లెసన్ తీసుకోండి, అదీ లెవెల్ 3 సర్టిఫికెట్ ఉన్నవాళ్ల దగ్గరే. అయినా 40 దాటాక ఆ భయం పోదు.” (రన్ అంటే కొండ మీంచి స్కీల మీద జారి దిగే దారి. తేలికవి గ్రీన్, మధ్యరకం బ్లూ, కష్టమైనవి బ్లాక్ డైమండ్, పొట్టిగా బ్లాక్.)

నాకిప్పుడు 43. సియాటిల్ వచ్చాక, 36వ ఏట స్కీలు కట్టాను. ఈ సలహాలో చాలా ముక్కలు నేను నమ్మి, పాటించి, దెబ్బతిన్నవే.

మొదట ఆ బ్లాక్ సంగతి. నాలుగేళ్ల కింద కొండ పైకి తీసుకెళ్లే కుర్చీ లిఫ్టులో నా పక్కన కూర్చున్న కుర్రాడు “ఏం కాదక్కా, ఒక్కసారి దిగేస్తే అయిపోతుంది” అన్నాడు. సరే అన్నాను. పైన అంచు దగ్గర ఆగి చూస్తే కింద వాలు కనబడలేదు, చెట్ల తలలు కనబడ్డాయి. మూడు మలుపులు తిరిగి అక్కడే బిగుసుకుపోయాను. అరగంట తర్వాత స్కీలు విప్పి, భుజాన వేసుకుని, రన్ పక్కన కూర్చుని జారుకుంటూ దిగాను. పోయింది పరువొక్కటే అయితే బాగుండేది. మరుసటి వారం, అంతకుముందు హాయిగా దిగిన బ్లూ మీద కూడా కాళ్లు వణికాయి.

ఇది పిరికితనం కాదు, ఒంటి లెక్క. భయమేస్తే మనిషి వెనక్కి వాలతాడు. తడి మెట్ల మీద అది కాపాడుతుందేమో గానీ స్కీల మీద సరిగ్గా తిరగబడుతుంది. బరువు మడమల మీదికి పోగానే స్కీల ముందు భాగం తేలికైపోతుంది, తిప్పితే తిరగదు, స్కీలు ముందుకి దూసుకుపోతాయి. వేగం పెరిగేసరికి భయం పెరుగుతుంది, ఇంకా వెనక్కి వాలతాం. వాలు ఎంత ఎక్కువైతే ఈ చక్రం అంత జోరుగా తిరుగుతుంది. పైగా బ్లూ, బ్లాక్ అనేవి ఏ కొండకి ఆ కొండ పెట్టుకున్న గుర్తులు. ఒక చోట బ్లూ ఇంకో చోట బ్లాక్ కావచ్చు.

బావిలోకి తోసేస్తే ఈత వస్తుందని మా ఊళ్లోనూ అనేవాళ్లు. అన్నవాళ్లే తమ పిల్లల నడుముకి మాత్రం బెండ్లు కట్టి దింపేవాళ్లు.

నాలాంటి వాళ్లకి లేనిది ధైర్యం కాదు, నమ్మదగ్గ బ్రేకు. తర్వాతి సీజన్లో దొరికిన ఇన్‌స్ట్రక్టర్, అరవై దాటిన ఒకావిడ, నన్ను బ్లాక్‌కీ బ్లూకీ కాదు, గ్రీన్ మీదికి తీసుకెళ్లింది. నాకు చిన్నతనంగా అనిపించింది. గంటన్నర సేపు సైడ్ స్లిప్ ఒక్కటే. వాలుకి అడ్డంగా నిలబడి, చీలమండల్ని కాస్త లోయ వైపు వదిలితే స్కీ అంచుల పట్టు సడలి, కొబ్బరి కోరుతున్నట్టు చప్పుడు చేస్తూ పక్కకి జారతాం. మళ్లీ కొండ వైపు వంచితే ఆగిపోతాం. వదులు, ఆపు, వదులు, ఆపు. ఆ తర్వాత మలుపుని సగంలో తెంచకుండా, స్కీల ముక్కులు కొద్దిగా కొండ వైపు తిరిగే దాకా పూర్తి చేయించింది. అలా తిప్పితే వేగం దానంతటదే చస్తుంది. వేగం తగ్గడానికి స్కీల ముక్కులు దగ్గరికి చేర్చి పెట్టే, పిల్లలు ‘పిజ్జా’ అనే ఆ వి ఆకారాన్ని తొడలు మండేలా తొక్కి పట్టుకోవాల్సిన పనే లేదు. ఇన్నేళ్లూ నాకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే నేను ఎవరినీ అడగలేదు. బ్లూ వచ్చేసిందిగా మరి!

గ్రూప్ క్లాసు వేస్ట్ అన్నది సగం నిజం. క్రిస్మస్ వారంలోనో ప్రెసిడెంట్స్ డే సెలవుల్లోనో వెళ్తే నిజంగానే జాతర. అదే జనవరిలో మామూలు మంగళవారం వెళ్తే క్లాసులో ఇద్దరు ముగ్గురే ఉండటం నేను చూశాను. ఇంకా మంచిది, చాలా కొండల మీద వారానికోసారి చొప్పున కొన్ని వారాలు సాగే పెద్దవాళ్ల క్లాసులుంటాయి. అదే ఇన్‌స్ట్రక్టర్, అవే మొహాలు. ఆడవాళ్లకి విడిగా పెట్టేవి కూడా ఉన్నాయి.

గ్రూపులో అసలు చిక్కు మనం చెప్పే సమాధానంతోనే వస్తుంది. “ఏ రన్‌లు దిగుతారు?” అని అడిగితే గొప్పగా “బ్లూ” అంటాం. “బ్లూ దిగుతాను గానీ వాలు పెరిగితే బిగుసుకుపోతాను” అంటే వేరే గ్రూపులో వేస్తారు. స్కీలు అద్దెకి తీసుకునేటప్పుడు ఫారంలో స్కీయర్ టైప్ 1, 2, 3 అని అడుగుతారు కదా, అక్కడా ఇదే జబ్బు. దూకుడుగా వెళ్లేవాళ్ల 3 మీద టిక్కు పెడితే, బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ బిగువుగా పెడతారు. పడ్డప్పుడు అది అంత తేలిగ్గా ఊడదు. మీ మోకాలికి మీ గొప్పతో పనేముంది?

ఇక ఒక్క రోజు ప్రైవేట్. పేరున్న పెద్ద రిసార్టుల్లో రోజంతా ప్రైవేట్ అంటే వెయ్యి డాలర్లు దాటడం మామూలే. మధ్యాహ్నానికి కాళ్లు అలిసిపోతాయి, మిగతా సగం డబ్బు మంచు పాలు. దానికన్నా రెండు గంటల చొప్పున మూడు సార్లు, మధ్యలో మీరే తేలిక రన్‌ల మీద సాధన చేసుకునేలా తీసుకోండి. చాలా చోట్ల ప్రైవేట్ రేటు తలకింత కాదు, కలిసి వచ్చే అందరికీ కలిపే ఉంటుంది కాబట్టి మీ స్థాయి వాళ్లు ఇద్దరు కలిస్తే భారం తగ్గుతుంది. మీ ఆయననో ఆవిడనో మాత్రం ఆ క్లాసుకి తీసుకెళ్లకండి. ఎందుకో పెళ్లయిన వాళ్లకి చెప్పక్కర్లేదు.

లెవెల్ 3 మాట. అమెరికాలో ఈ లెవెల్స్ ఇచ్చేది 1961లో పుట్టిన పీఎస్ఐఏ అనే ఇన్‌స్ట్రక్టర్ల సంఘం. లెవెల్ 3 అంటే గొప్పే, కాదనను. కానీ ఆ స్థాయి వాళ్లలో కొందరికి మోగుల్స్ అనే మంచు గుబ్బల మీద కుర్రాళ్లని పరిగెత్తించడం ఇష్టం, కొందరికి మనలాంటి వాళ్లతో ఓపిగ్గా గడపడం ఇష్టం. సర్టిఫికెట్ అది చెప్పదు. స్కీ స్కూల్ కౌంటర్లో “భయపడే పెద్దవాళ్లకి నేర్పడం మీలో ఎవరికి ఇష్టం?” అని అడగండి. అక్కడ పనిచేసే వాళ్లకి ఆ పేరు వెంటనే తడుతుంది. లెవెల్ 2 అయినా ఫరవాలేదు. మంచి మనిషి దొరికిందని మొదటి పది నిమిషాల్లోనే తెలుస్తుంది: “నీకు భయం దేనికి? వేగానికా, వాలుకా, గడ్డకట్టిన మంచుకా, వెనకాల వచ్చే జనానికా?” అని అడుగుతారు. అడక్కుండా “నా వెనకే రా” అని జారిపోతే మర్నాడు ఇంకొకరిని అడగండి. టిప్పు ఇచ్చేసి, మొహమాటపడకుండా.

వయసు గురించి ఎక్కువ చెప్పను. సోమవారం ఆఫీసు, ఇంట్లో పిల్లలు, ఇన్సూరెన్సు గుర్తొచ్చి జాగ్రత్తపడటం జబ్బేం కాదు. కానీ భయం అనుకున్నదాంట్లో కొంత భయమే కాదు. నాది ఒక సైజు పెద్ద అద్దె బూటు. లోపల పాదం కదులుతుంటే స్కీకి నా మాట ఎలా వినబడుతుంది? మోకాలి కింద ముందరి ఎముక బూటు నాలుకకి ఆనుకుని ఉండాలి, మడమ లేవకూడదు. బూటు మార్చాక నా భయంలో పావు వంతు ఆ షాపులోనే ఉండిపోయింది. మబ్బు పట్టి, మంచు మీద ఎత్తుపల్లాలు కనబడని రోజుల్లో ఆరితేరిన వాళ్లే నెమ్మదిస్తారు. అలాంటి రోజు మీరు కాఫీ తాగండి.

హైదరాబాద్ నుంచి గుల్మార్గ్ వెళ్లేవాళ్లకీ ఈ ఫార్వర్డ్ అందుతోందని విన్నాను. అక్కడైతే ఇది మరీ ప్రమాదం. గొండోలా అనే కేబుల్ కారు రెండో దశ దిగే అఫర్వత్ దగ్గర మెషిన్‌తో చదును చేసిన బ్లూలు ఉండవు, హిమపాతాలు జారే కొండ అది. కింది వాలుల మీదే నేర్చుకోండి.

పోయిన ఫిబ్రవరిలో ఆ పాత బ్లాక్‌కే వెళ్లాను. పై సగం మలుపుల్లో, నిట్టనిలువుగా ఉన్న ముక్క సైడ్ స్లిప్‌లో దిగాను. కింద ఆ కుర్రాడే నిలబడి ఉన్నాడు.

“అదేం స్కీయింగక్కా, గీరుకుంటూ వచ్చావు!” అన్నాడు.

గీరుకుంటూనే వచ్చాను. ఈసారి స్కీలు భుజాన లేవు, కాళ్లకే ఉన్నాయి.