చిరంజీవి ఫెల్ట్ పిట్టకు

కిటికీకి వేలాడుతున్న చిరంజీవి ఫెల్ట్ పిట్టను ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి. నా ఎడమచేతి చూపుడువేలు మాత్రం ఇంకా కోలుకోలేదు.

చిరంజీవి అని మర్యాదకు అనలేదు. అసలు ఫెల్ట్ అంటే గొర్రె ఉన్నితో చేసే బట్ట. ఆ ఉన్ని పోగుల మీద కంటికి ఆనని పొలుసులుంటాయి. వేడి, తడి, రాపిడి తగిలాయంటే అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఇక వదలవు, మగ్గం ఎక్కకుండానే బట్టయిపోతుంది. ఈ సంగతంతా చదివి మురిసిపోయి, కొనితెచ్చిన ప్యాకెట్ తిప్పి చూస్తే నూటికి నూరుపాళ్లు పాలిస్టర్! నీ కడుపులో కూరిన దూదీ అదే. కొమ్మ మీద పూలు వారానికి రాలిపోతాయి. నేనూ ఏదో ఒకరోజు పోతాను. నువ్వుంటావు. నాలుగు రోజుల వసంతానికి గుర్తుగా నిన్ను ఎంచుకున్న నా తెలివికి నేనే నవ్వుకున్నాను.

నిన్ను కుట్టడం అరగంట పని అన్నారు. ఆరు పోగుల దారంలోంచి రెండు పోగులు విడదీయడం ఆ అరగంటలో లెక్కలేదనుకుంటాను. ఒక్కొక్క పోగే పైకి లాగాలి. నేను రెండూ కలిపి లాగాను. ఆ చిక్కు తీసేసరికే అరగంట అయింది. పైగా మాటిమాటికీ సూదిలో ఎక్కించడం ఎందుకని బారెడు దారం కోశాను. మూరెడు చాలని నాలుగో కుట్టు దగ్గర ముడిపడ్డాక తెలిసింది.

నీ జాతి గొప్పతనం ఒకటుంది, ఒప్పుకోవాలి. ఎటు కోసినా పోగులూడవు, అంచు మడవక్కర్లేదు. దీన్ని అందరూ సుగుణం అంటారు. అంచు మడిచే బట్టలో తప్పులు మడతలో దాక్కుంటాయి. నీలో ఎక్కడ దాచను? కాగితాలు కోసే కత్తెరతో కోశాను కాబట్టి నీ వీపు ఎలుక కొరికినట్టుంది. పెన్నుతో గీసిన గీత కూడా అలాగే కనిపిస్తోంది.

రెక్కల విషయంలో క్షమాపణ నేనే చెప్పుకోవాలి. రెండిటినీ ఒకే వైపుకు పెట్టి పూలు కుట్టాను. అతికించాక చూస్తే ఒకటి తోకవైపు, ఇంకోటి ముక్కువైపు. ఎగరాలనిపిస్తే ప్రయత్నించకు, ఉన్నచోటే గిరగిర తిరుగుతావు.

చుట్టూ కాజా కుట్టు వేశాను. తల దగ్గర మూడేసి మిల్లీమీటర్ల దూరంలో చీమలబారులా ఉంది కదా, అది ఉత్సాహం. కడుపు దగ్గర వంకరపోయింది, అది మెడనొప్పి. తోక దగ్గరది పళ్లూడిన దువ్వెన. అప్పటికి రాత్రి పన్నెండు దాటింది. అంతా అయ్యాక గుర్తొచ్చింది, వేలాడదీసే రిబ్బన్ రెండు పొరల మధ్య ముందే పెట్టాలని! వీపు మీద కుట్లు విప్పాను. చీమలబారు ఉన్నవైపే.

ఇక నీ కన్ను. అదొక దారం ముడి. సూదికి దారం రెండు చుట్లు చుట్టి, పైకి వచ్చిన చోటికి పక్కన గుచ్చాలి. వచ్చిన రంధ్రంలోనే గుచ్చాను. ముడి గుటుక్కున లోపలికి జారిపోయింది. రెండోసారి సరిగ్గానే వచ్చింది. అంటే ఇప్పుడు నీకు ఒక కన్ను బయట, ఒక కన్ను కడుపులో ఉన్నాయి. అంతర్దృష్టి కోసం జనం ఏళ్లతరబడి కళ్లు మూసుకుని కూర్చుంటారు, నీకు పుట్టుకతోనే వచ్చింది.

కాకిపిల్ల కాకికి ముద్దంటారు. నాకు నువ్వు ముద్దుగానే ఉన్నావు. నిన్న ఇంటికి వచ్చినావిడ కూడా నిన్ను మెచ్చుకున్నారు. "చేప చాలా బాగుందండీ, మీరే కుట్టారా?" అన్నారు. ఎవరో ఇచ్చారన్నాను. ఏమనుకోకు.

ఇంకో మాట. వెలుతురు భుజం మీదుగా పడాలని, నిన్ను కుడుతున్నన్నాళ్లూ కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను. పనయ్యాక నిన్ను తగిలిద్దామని వెనక్కి తిరిగితే బయట చెట్టు చిగుళ్లు ముదిరి ఆకులైపోయాయి. పూలు ఎప్పుడు పూశాయో నాకు తెలీదు. నువ్వైనా చూశావా అంటే, అప్పటికి నీ కన్ను లోపలుంది.

ప్యాకెట్‌లో ఇంకా తొమ్మిది రంగులు మిగిలాయి. నీ అట్టముక్క నమూనా పారేయలేదు. తమ్ముడో చెల్లో రావచ్చు, రెక్కలు మాత్రం ఈసారి చూసి కుడతాను.

ఇట్లు,
వేలికి ప్లాస్టర్‌తో,
నిన్ను కుట్టిన చెయ్యి