పిల్లలు పొట్టిగా ఉండేది వంశం వల్లేనా? ఆ వాట్సాప్ పోస్టుకు జవాబు

వాట్సాప్ గ్రూపుల్లో ఓ పోస్టు తెగ తిరుగుతోంది. "మన పిల్లలు పొట్టిగా ఉండటం వంశ లక్షణం. తెల్లవాళ్ల కొలతలు పెట్టి, మ్యాపుల మీద ఎర్రరంగు పూసి భయపెడుతున్నారు. పంటలు పండే చోట పోషకాహార లోపం ఎక్కడిది?" అని. పొట్టి పిల్లలు ఎక్కువున్న చోట్లను మ్యాపుల్లో ఎర్రగా చూపిస్తారు, ఆ పోస్టు అంటున్నది ఆ రంగు గురించే. పసిపిల్లల విషయం కాబట్టి చూసీచూడనట్టు వదిలేయలేకపోతున్నాను.

కొలతలు తెల్లవాళ్లవి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ఎదుగుదల ప్రమాణాల కోసం బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా పిల్లలతో పాటు మన ఢిల్లీ పిల్లల్నీ కొలిచారు. తల్లిపాలు, సరైన తిండి, వైద్యం అందితే ఐదేళ్లలోపు పిల్లలు ఎక్కడైనా దాదాపు ఒకేలా ఎదిగారు.

ఇక వంశం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 2015-16లో 28 శాతం, 2019-21లో 33 శాతం. నాలుగైదేళ్లలో జన్యువులు మారిపోతాయా? పక్కనే ఉన్న ఆంధ్రలో ఆ అంకె రెండు సర్వేల్లోనూ 31 దగ్గరే ఉంది.

"పంటలు పండే చోట" అన్న మాట వినడానికి బాగుంటుంది. మ్యాపు తీస్తే నిలబడదు. దేశంలోనే ఎక్కువ వానపడే మాసిన్‌రామ్, చిరపుంజి ఉన్న మేఘాలయలో 2019-21 సర్వే నాటికి ఎత్తు తక్కువున్న పిల్లలు 46.5 శాతం, అప్పటికి రాష్ట్రాలన్నిటిలోకీ ఎక్కువ. గంగ ఒండ్రు నేలలున్న బీహార్‌లో దాదాపు 43. పంటల మ్యాపులో శాటిలైట్‌కు కనిపించేది పచ్చదనం. అది పత్తి అయితే పిల్ల కంచంలోకి రాదు. తిండి ఉన్నా ఒంటికి పట్టాలి. బోరింగు పక్కన మురుగు, కోళ్లు తిరిగే ఆ మట్టిలోనే పాకే పిల్ల, అవే వేళ్లు నోట్లో. మాటిమాటికీ విరేచనాలైతే తిన్న పప్పు ఏం నిలుస్తుంది? అందుకే వాన, తాగునీరు, మరుగుదొడ్లు, అంగన్‌వాడీకి ఉన్న దూరం, అన్నీ ఒకే మ్యాపు మీద పొరలుగా పేర్చి చూస్తారు.

"ఎర్రరంగు" అన్న మాటలో మాత్రం కొంత నిజముంది. కుటుంబాల గోప్యత కోసం సర్వే చేసిన చోటి జీపీఎస్ గుర్తును కావాలనే జరుపుతారు, పట్టణాల్లో 2 కిలోమీటర్ల వరకు, పల్లెల్లో చాలావరకు 5 దాకా. కాబట్టి మ్యాపులో ఓ చుక్క చూపించి ఫలానా వీధి బోరే కారణం అనకూడదు. ఒకేచోట కనిపించినంత మాత్రాన కారణమూ కాదు. బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేల్లో మరుగుదొడ్లు, చేతులు కడిగే ఏర్పాట్లు, శుద్ధి చేసిన నీళ్లు ఇచ్చి చూశారు. వాటివల్ల పిల్లల ఎత్తు పెరగలేదు. అంటే ఆ మాత్రం శుభ్రత సరిపోదు. ముందు ఏ మండలానికి వెళ్లాలో మ్యాపు చెబుతుంది. కారణం మాత్రం అక్కడికి వెళ్లి, ఆ ఇళ్లలో అడిగి తెలుసుకోవాల్సిందే.

ఆ రంగు వెనక ఏముందో కూడా చెప్పాలి. రెండేళ్లలోపు పిల్లల్ని బల్ల మీద పడుకోబెట్టే కొలుస్తారు. ఒకరు తల పట్టుకుంటే ఇంకొకరు మోకాళ్లు చాపి పట్టుకుంటారు, పిల్ల ఏడుస్తూ తన్నుతూనే ఉంటుంది. మ్యాపులో ఆ ఎర్రరంగు అలా ఒక్కో పిల్లను కొలిస్తే వచ్చింది.