గిరి ప్రదక్షిణకి ప్రాక్టీస్ అక్కర్లేదంటున్న ఆ మెసేజ్ నమ్మకండి

ఆషాఢం ఇంకా రెండు నెలలుంది, అప్పుడే మా పర్లాకిమిడి వాట్సాప్ గ్రూపుల్లో మళ్ళీ అదే మెసేజ్ తిరుగుతోంది. ఆషాఢంలో సింహాచలం కొండ చుట్టూ నడిచే గిరి ప్రదక్షిణకి ప్రాక్టీస్ ఏమీ అక్కర్లేదట, రోజూ 10,000 అడుగులు వేసేవాళ్ళు హాయిగా నడిచేయొచ్చట, నీళ్ళు ఎంత తాగితే అంత మంచిదట, ఉప్పు ముట్టుకోకూడదట, బొబ్బ లేస్తే వెంటనే చిదిమి తోలు తీసేయాలట, మిగతాది సింహాద్రి అప్పన్నే చూసుకుంటాడట. నిన్న మా పిన్ని కూడా పంపింది, ఈ ఏడు తనూ బయల్దేరుతోంది, అందుకే కూర్చుని రాస్తున్నా.

ముందు ఆ 10,000 సంగతి. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ నడుముకి తగిలించుకునే అడుగుల మీటర్ అమ్ముతూ దానికి ‘మంపో-కే’ అని పేరు పెట్టింది, అంటే 10,000 అడుగుల మీటర్ అని, ఆ అంకె అక్కణ్ణించి పాకిందే. రోజూ నడవడం మంచిదే, కాదనను. కానీ అది మహా అయితే ఏడెనిమిది కిలోమీటర్లు, అదీ రోజంతా విడతలు విడతలుగా. ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, 40,000 అడుగుల పైమాటే, ఏడెనిమిది గంటలు, చాలామంది ఉత్త కాళ్ళతో, రాత్రిపూట, వానకి తడిసిన తారు రోడ్డు మీద. కండలు కొన్ని వారాల్లో అలవాటు పడతాయిగానీ మడమ వెనకా మోకాలి చుట్టూ ఉండే స్నాయువులు, అంటే కండని ఎముకకి కట్టే పట్టీలు, గట్టిపడడానికి ఇంకా టైం కావాలి, అందుకే ఎనిమిది వారాల ముందే మొదలెట్టాలి. మేము వారంలో మూడు రోజులు మామూలు నడక, ఆదివారం ఒక పెద్ద నడక పెట్టుకుంటాం, మహేంద్రతనయ నది దాటి పాతపట్నం నీలమణి దుర్గమ్మ గుడి వైపు. మొదటి ఆదివారం 8, తర్వాత రెండేసి మూడేసి కిలోమీటర్లు పెంచుకుంటూ 22 దాకా, మధ్యలో ఒక వారం తగ్గించి. ఆఖరి పది రోజులూ పెద్ద నడకలు బంద్. ఉత్త కాళ్ళతో నడవాలనుకుంటే ముందు మట్టి మీద, తర్వాత తారు మీద, కొంచెం కొంచెంగా. షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడక్కుండా చెప్పులు విప్పొద్దు, పాదం మొద్దుబారితే గాయమైనా తెలీదు.

నీళ్ళ మాట ప్రమాదం. చెమటతో ఉప్పు పోతూ ఉంటే ఉత్త నీళ్ళే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, తలనొప్పి, వాంతులు, మగత, ముదిరితే ప్రాణం మీదకొస్తుంది, పైగా అది చూడ్డానికి నీరసంలాగే ఉంటుంది కాబట్టి పక్కనోళ్ళు ఇంకా నీళ్ళు పట్టిస్తారు. దాహం వేసినప్పుడు తాగండి, మధ్యలో ఉప్పేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో పడనివ్వండి. మా అమ్మమ్మవాళ్ళు పొలానికి పులిసిన గంజి, అదే తరవాణి, పట్టుకెళ్ళింది ఊరికే కాదు. బీపీ వాళ్ళు ఉప్పు సంగతి డాక్టర్ని అడగండి.

బొబ్బ చిదమడమైతే అస్సలొద్దు. పోయినేడు మాధవధార దాటాక నా కుడి మడమ మీద రూపాయి బిళ్ళంత లేచింది, పక్కనాయన చెప్పాడని తోలు లాగేశా, గోపాలపట్నం వచ్చేసరికి అడుగు కింద పెడితే కళ్ళల్లో నీళ్ళు, తర్వాత చీము పట్టి పది రోజులు మంచం. ఆ తోలే లోపలి పుండుకి మూత. మంట మొదలవ్వగానే ఆగి, తుడిచి, టేప్ వేసుకోండి.

ఇక అప్పన్న మీద భారం అంటారా, నేనూ కొండ కింద తొలిమెట్టు, అదే తొలిపావంచా, దగ్గర కొబ్బరికాయ కొట్టే బయల్దేరతా. ఆ నడక పూర్తి చెయ్యాలనే ఇంత ముందు నించి కాళ్ళని తయారు చేసుకోవడం, ఇందులో భక్తికి తక్కువేముంది.

పిన్నీ, ఆదివారం తెల్లారి నాలుగున్నరకి కోట దగ్గరికి వచ్చెయ్, మజ్జిగ నేను తెస్తా.