బాత్ ఊరి పెద్ద కొలను గారికి, తువ్వాలు తడవనివాళ్లు రాయునది

మహారాజశ్రీ ఇంగ్లండ్‌లోని బాత్ ఊరి రోమన్ పెద్ద కొలను గారికి,

ఉభయకుశలోపరి. మీ ఊరి పేరే స్నానం. లండన్ పాడింగ్టన్‌లో రైలెక్కితే దాదాపు గంటన్నర, స్టేషన్ నుంచి మీ గుమ్మానికి పది నిమిషాల నడక. అంతా సుఖమే. తీరా టికెట్ కొని, మెట్లు దిగి మీ ఒడ్డున నిలబడితే అక్కడో హెచ్చరిక: నీళ్లు ముట్టుకోవద్దు. పుష్కరాల తొక్కిసలాటలోనైనా మూడు మునకలు దక్కుతాయి గానీ, తమరి దగ్గర వేలు ముంచినా తప్పే.

అలాగని తమరు ఖాళీగా ఏమీ లేరు. మీకు నీళ్లిచ్చే వేడినీటి బుగ్గలో రోజుకు 11 లక్షల లీటర్లకు పైగా నీరు, 46 డిగ్రీల వేడితో, ఊరుతూనే ఉంది. ఎవరి ఒంటికీ తగలకుండా మీలోంచి వెళ్లి, రోమన్లు కట్టిన కాలువలోంచే ఏవన్ నదిలో కలుస్తోంది. ఆ కాలువ ఇప్పటికీ పనిచేస్తోంది. మన ఊళ్లో నిరుడు తవ్విన డ్రైనేజీ ప్రస్తావన ఇక్కడ అనవసరం.

పచ్చల హారంలా మెరుస్తున్నారని ఫొటోల కింద రాస్తుంటారు. అది పాచి. రోమన్ల కాలంలో మీ నెత్తిన ఎత్తైన కమాను కప్పు ఉండేది. అది కూలాక ఎండ పడింది, నీళ్ల వెచ్చదనం తోడైంది, పాచి కాపురం పెట్టింది. పైకి తేలే బుడగలు చూసి "అమ్మో, మరుగుతున్నాయి" అంటారు. అది నేలలోంచి వచ్చే గ్యాసు. అడుగున 45 సీసం రేకులు, పైన శుద్ధి చేయని నీళ్లు. 1978లో ఈ బుగ్గల నీళ్లలో ఈదిన ఒకమ్మాయి అమీబా సోకి చనిపోయింది. అందుకే ఆ హెచ్చరిక మీద మాకు కోపం లేదు. ఊరి పేరు మీదే ఉంది.

వయసు విషయంలోనూ కాస్త నిజం చెప్పండి. స్తంభాల మొదళ్ల వరకే రోమన్లవి. ఆ పైనున్నదీ, వరండా మీద గంభీరంగా నిలబడ్డ చక్రవర్తుల విగ్రహాలూ 19వ శతాబ్దపు సరుకు. ఊరంతా ఇదే తంతు లెండి. నెలవంక ఆకారపు ఇళ్ల వరుస రాయల్ క్రెసెంట్‌లో 30 ఇళ్లు, 1767 నుంచి 1774 దాకా కట్టారు. ముందువైపు అన్నీ ఒకే అచ్చు. వెనక్కి వెళ్లి చూస్తే ఎవరి గోడ వాళ్లది, ఎవరి కిటికీ వాళ్లది.

మీ దగ్గర మాకు నచ్చినవి శాపాలు. సొమ్ము పోగొట్టుకున్నవాళ్లు సీసం రేకుల మీద గీకి, సులిస్ మినర్వా అమ్మవారికని బుగ్గలో వేసినవి దాదాపు 130 దొరికాయి. డొసిమెడిస్ అనే ఆయనకు రెండు చేతి తొడుగులు పోయాయట. ఎత్తుకెళ్లినవాడి మతీ కళ్లూ రెండూ పోవాలని మొక్కుకున్నాడు. తొడుగులకే అంత శాపమైతే, శనివారం టికెట్ ధర చూసినవాళ్లకు కౌంటర్లో ఒక్కో సీసం రేకు ఇప్పించడం న్యాయం.

మీ పక్కనే ఉన్న పంప్ రూమ్ అనే హోటల్‌లో గ్లాసుడు నీళ్లు తాగించి పుణ్యం కట్టుకుంటారు. 43 ఖనిజాలట. నాలుక్కి మాత్రం తుప్పుపట్టిన గొట్టంలోంచి వచ్చిన గోరువెచ్చని బోరు నీళ్లే. ఒక్క గుక్క చాలు, రెండోది భక్తి.

మునగాలంటే మీ పక్క వీధిలో 2006లో తెరిచిన థర్మే అనే స్పాకు వెళ్లాలి. అదే బుగ్గల నీటిని 33 డిగ్రీల చిల్లరకు చల్లార్చి, మేడ మీద కొలనులో పెట్టారు. రెండు గంటల లెక్క. వారాంతమైతే ముందే బుక్ చేసుకోవాలి. 16 ఏళ్లు నిండని పిల్లల్ని అందులోకి రానివ్వరు, కాబట్టి పిల్లాపాపలతో వచ్చినవాళ్లలో ఒకరు బయటే కాపలా. ఈతదుస్తులు మీరు తెచ్చుకోవాలి, తువ్వాలు మాత్రం వాళ్లే ఇస్తారు.

ఇట్లు,
ఇంటి నుంచి నాలుగు తువ్వాళ్లు మోసుకొచ్చి, మడత విప్పకుండా తిరుగు రైలెక్కేవాళ్లు