ప్రాక్టికల్ రౌండ్‌కు నోట్సు బట్టీ పట్టించుడు బంద్ చేయండి

మహారాష్ట్రల సిరొంచ, అహేరి, రాజురా, బల్లార్షా దిక్కు మన తెలుగు ఇండ్లల్ల డాక్టర్ హోమీ భాభా బాలవైజ్ఞానిక్ పోటీకి ఆరో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లల్ని తయారు చేస్తున్న తల్లిదండ్రులకు, ట్యూషన్ సార్లకు చెప్పే మాట ఇది. రాత పరీక్ష దాటినోళ్ళకు ప్రాక్టికల్ ఉంటదని అందరికీ ఎరుకే. మరి దానికి తయారీ ఎట్ల నడుస్తున్నది? బోర్డు మీద బ్యూరెట్ (కొలత గీతలు, కింద తిప్పే నాబ్ ఉన్న పొడుగు గాజు గొట్టం) బొమ్మ గీసి, పక్కన "చివరికి లేత గులాబీ రంగు" అని రాయించి, ఆ నోట్సు బట్టీ పట్టిస్తున్నరు. దీన్ని తయారీ అనొద్దు. గాజు సామాను పట్టని చెయ్యి పరీక్ష రోజు వణుకుతది, అంతే.

పై మెట్లల్ల ఈ లోటు ఇంకా గట్టిగ తగులుతది. ఒలింపియాడ్ బాట పట్టి ముంబయి మాన్‌ఖుర్ద్‌ల హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం క్యాంపు దాక పోయిన పిల్లలకు అక్కడ ప్రయోగాలు తప్పవు. అంతర్జాతీయ కెమిస్ట్రీ ఒలింపియాడ్‌ల 100కు 40 మార్కులు ప్రాక్టికల్‌వి. ఫిజిక్స్‌ల 50కి 20. పన్నెండో తరగతిల అంత బరువైన పనికి చేతులు అప్పటికప్పుడు కుదరవు. ఆరో తరగతి పిల్లకు మెజరింగ్ సిలిండర్, డ్రాపర్ చాలు. తొమ్మిదికి వచ్చేసరికి బ్యూరెట్ పట్టియ్యాలె.

బ్యూరెట్‌తో టైట్రేషన్ ఎట్ల చేయాల్నో జర వివరంగ చెప్పాలె, ఎందుకంటే మార్కులు పోయేది ఇక్కడే. టైట్రేషన్ అంటే ఫ్లాస్క్‌ల ఉన్న ఆమ్లంల బ్యూరెట్ నుంచి సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం కొద్దికొద్దిగ వదిలి, రంగు మారేదాక ఎంత పట్టిందో కొలుచుడు. ముందుగాల నీళ్ళతో కడిగి, తర్వాత అందుల పోయబోయే ద్రావణంతోనే రెండుసార్లు కడగాలె. లోపల నీళ్ళ తడి మిగిలితే సోడియం హైడ్రాక్సైడ్ పలచబడి, పట్టాల్సిన దానికంటె ఎక్కువ పడుతది. ఆమ్లాన్ని కొలిచి ఫ్లాస్క్‌ల పోసే గాజు గొట్టం పిపెట్‌కూ ఇదే లెక్క. కోనికల్ ఫ్లాస్క్‌కు మాత్రం ఉల్టా: దాన్ని డిస్టిల్డ్ వాటర్‌తోనే కడగాలె. ఆమ్లంతో కడిగితే గోడలకు అంటుకున్న ఆమ్లం పిపెట్ కొలతకు మీద చేరి లెక్క చెడుతది. ఫ్లాస్క్‌ల నీళ్ళు మిగిలితే ఫరక్ పడదు, ఎందుకంటే ఆమ్లం ఎంత పడ్డదో అంతే ఉంటది. ఈ కారణం అర్థమైన పిల్ల ఏది దేనితో కడగాల్నో జన్మల మరువది.

ద్రావణం పోసినంక గరాటు తీసెయ్యాలె. అది అట్లనే ఉంటే నడుమల చుక్క జారి రీడింగ్ మారుతది. నాబ్ కింద గొట్టంల గాలి బుడగ ఉన్నదా చూడాలె. ఉంటే ఒక్కసారి నాబ్ పూర్తిగ తిప్పి ద్రావణాన్ని జోరుగ వదిలితే బుడగ పోతది. చూడకపోతే టైట్రేషన్ నడుమల ఆ బుడగ బయటపడి, ఫ్లాస్క్‌ల పడని ద్రావణం గూడ పడ్డట్టే లెక్కకొస్తది. పిపెట్‌ను నోటితో పీల్చుడు ఇప్పటికీ నేర్పుతున్నరు. ఇది పూర్తిగ తప్పు, రబ్బరు బల్బు వాడాలె. పిపెట్ మొనల మిగిలిన ఆఖరి చుక్కను ఊదొద్దు, మొనను ఫ్లాస్క్ గోడకు తాకిస్తే చాలు. ఆ చుక్కను లెక్కల కలపకుండనే పిపెట్‌కు గీత పెట్టిన్రు.

రంగు మార్చి ముగింపు చూపే సూచిక ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు చాలు. పది చుక్కలు పోస్తే రంగు మంచిగ కనిపిస్తదనుకుంటరు గని, అదే ఒక బలహీన ఆమ్లం, ఎక్కువైతే ముగింపు పక్కకు జరిగి రీడింగ్ మారుతది. ఫ్లాస్క్ కింద తెల్ల కాగితం పెట్టాలె. కనీకనిపించని గులాబీ రంగు 30 సెకన్లు నిలిస్తే ఆపాలె. తర్వాత ఆ రంగు పోయిందని మళ్ళా చుక్క వేస్తరు చాలమంది. గాలిల ఉన్న కార్బన్ డయాక్సైడ్ కరిగి రంగు పోయింది, అది మీ తప్పు కాదు, వదిలెయ్యండి.

మామూలు 50 మి.లీ. బ్యూరెట్ మీద గీత 0.1 మి.లీ.కి ఒకటి, ఒక్క చుక్క సుమారు 0.05. అందుకే మొదటిది అందాజ రీడింగ్, తర్వాత 0.1 లోపల కలిసే రెండు రీడింగులు కావాలె. అందాజ రీడింగ్‌ను సగటుల కలపొద్దు. ఉదాహరణకు 0.63 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం స్ఫటికాలు 100 మి.లీ.కి చేస్తే బలం 0.05 మోలార్ (లీటరుకు 0.05 మోల్). దాని 10 మి.లీ.కి సోడియం హైడ్రాక్సైడ్ 10.2 పట్టిందంటే, ఒక్క ఆక్సాలిక్‌కు రెండు హైడ్రాక్సైడ్‌లు గనుక, బలం 0.098 మోలార్. హైడ్రాక్సైడ్‌ను తూచి నేరుగ లెక్క కట్టొద్దు. అది గాలి నుంచి తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీలుస్తది, తూచిన బరువు నమ్మరాదు.

ఇగ మన బోరు నీళ్ళ సంగతి. టెస్ట్ ట్యూబులు బోరు నీళ్ళతో కడిగి, క్లోరైడ్ ఉన్నదా చూసే సిల్వర్ నైట్రేట్ వేస్తే, ఇచ్చిన లవణంల క్లోరైడ్ లేకున్నా సన్నగ తెల్లటి మసక వస్తది. అది నీళ్ళల్ల ఉన్న క్లోరైడ్. పిల్లగాడు "క్లోరైడ్ ఉన్నది" అని రాసి మార్కులు పోగొట్టుకుంటడు. ఆఖరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తోనే కావాలె, పక్కన వట్టి నీళ్ళకు అదే పరీక్ష చేసి పోల్చుకోవాలె. ఇంకో మాట: మరాఠీ మీడియంల క్షార్ అంటే లవణం, మన ఇంట్ల క్షారం అంటే ఆమ్లానికి ఎదురుది. సీసా ఎత్తే ముందు లేబుల్ మీద ఫార్ములా చదివే అలవాటు చేయండి.

ల్యాబు లేదనేటోళ్ళకు ఇంట్ల చేసే పద్ధతి ఉన్నది. పాన్ డబ్బా సున్నం నీళ్ళల్ల బాగ కలిపి, మూత పెట్టి రాత్రంత ఉంచి, పైన తేరిన నీళ్ళు వంచుకోండి. 4 శాతం వెనిగర్ 5 మి.లీ. తీసుకొని నీళ్ళతో 100 చేయండి. చిటికెడు పసుపు స్పిరిట్‌ల కలిపి వడకడితే అదే సూచిక. సూది లేని 10 మి.లీ. సిరంజితో సున్నపు తేట 10 మి.లీ. తీసి పసుపు నాలుగు చుక్కలు వేస్తే ఎరుపు తిరుగుతది. ఇంకో సిరంజితో వెనిగర్ వదులుతూ, చివర్ల 2 మి.లీ. సిరంజికి మారి చుక్క చుక్క వేస్తే పసుపు రంగు తేలుతది. సుమారు 13 మి.లీ. పట్టాలె. చంద్రపూర్ ఎండల్ల చేస్తే ఇంకా తగ్గుతది, ఎందుకంటే సున్నం వేడి నీళ్ళల్ల తక్కువ కరుగుతది. ఎందుకు తగ్గిందో పిల్లనే కనుక్కోనియ్యండి, నోట్సుల రాని చదువు అది. సున్నం కంట్ల పడితే చూపుకే ముప్పు, కండ్లద్దాలు లేకుండ ముట్టనియ్యొద్దు.

ఫిజిక్స్‌ల లోలకం ఒక్కటి మంచిగ చేయిస్తే చాలు. ఊపులు లెక్కపెట్ట మొదలుపెట్టి గడియారం నొక్కినప్పుడు "సున్న" అనాలె, "ఒకటి" అనొద్దు. "ఒకటి" అని మొదలుపెడితే 20 అనుకున్నయి 19 ఊపులే అయితయి, గురుత్వ త్వరణం 9.8 బదులు 10.9 దగ్గర వస్తది. పొడవు గుండు నడుమ దాక కొలవాలె, దారం చివర దాక కాదు.

రీడింగులు పెన్నుతో, నేరుగ పట్టికల రాయాలె. తప్పయితే ఒక్క గీత కొట్టి పక్కన రాయాలె, దిద్దొద్దు. బ్యూరెట్ రీడింగ్ 10 అని రాస్తే చాలదు, 10.0 అని రాయాలె. ఎంత సన్నగ కొలిచిన్రో ఆ సున్నతోనే తెలుస్తది. జవాబు ముందే తెలుసని రీడింగులు అల్లి రాసుడు మాత్రం సార్లే నేర్పుతున్నరు, ఇది చానా బాధ పెట్టే సంగతి.

మన దిక్కు చాల బడులల్ల బోర్డు ప్రాక్టికల్స్ వచ్చేదాక ల్యాబుకు తాళం తీయరు. తల్లిదండ్రులు పదిమంది కలిసి హెడ్‌మాస్టర్ దగ్గరికి పోయి, శనివారం బడి విడిచినంక రెండు గంటలు సైన్స్ సార్ ముందల ల్యాబు తెరవమని అడగండి. ఇద్దరు పిల్లలకు ఒక బ్యూరెట్, ఒక పిపెట్, రబ్బరు బల్బు, రెండు కోనికల్ ఫ్లాస్కులు అడగండి. పగిలితే పైసలు మేమే కడతమని కాగితం మీద రాసియ్యండి. పగులుతయన్న భయంతోనే కదా బీరువా తెరవంది.