ఇంటిపేరు పొడి అక్షరంలో ఉంటే కూలి డబ్బులు ఆపేస్తారా

ఒక మండల కేంద్రంలో బ్యాంకు బ్రాంచి, పొద్దున పదిన్నరకే లోపల నిలబడ్డానికి చోటు లేదు. యాభై దాటిన ఒకావిడ, ఉపాధి హామీ పనికి పోయే మనిషి, చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకుని లైన్లో ఉంది. కవర్లో పాస్‌బుక్కు, ఆధార్ జిరాక్సు, జాబ్ కార్డు, రేషన్ కార్డు, రెండు ఫొటోలు, అన్నీ ఉన్నాయి. కూలి డబ్బులు పడ్డాయని ఫోన్‌కి మెసేజ్ వస్తే కొడుకు చదివి చెప్పాడంట, ఊళ్లో బీసీ పాయింట్ (బ్యాంకు తరఫున డబ్బులిచ్చే ఏజెంటు) దగ్గర వేలు పెడితే రాలేదు, బ్రాంచికి పొమ్మన్నారు. కౌంటర్లో ఉన్న అబ్బాయి సిస్టమ్‌లో చూసి కేవైసీ (కస్టమర్ ఎవరో కాగితాలతో సరిచూసుకోవడం) లేక అకౌంట్ ఆగిపోయిందమ్మా అన్నాడు, ఆమె కాగితాలన్నీ తీసి ముందు పెట్టింది, అతను రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పి చూసి పేరు కలవట్లేదు, ఆధార్ మార్పించుకుని రా అని వెనక్కి ఇచ్చేశాడు. పాస్‌బుక్కు మీద పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరం ఉంది, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు మొత్తం ఉంది. "నేనే కద సారూ, ఫొటో సూడుండ్రి" అంది ఆమె. మా విలేకరి అప్పుడు అక్కడే ఉన్నాడు. పాస్‌బుక్కు మీద ఫొటో, ఆధార్ మీద ఫొటో, ఎదురుగా నిలబడ్డ మనిషి, ముగ్గురూ ఒకరేనని ఎవరికైనా తెలిసిపోతుంది. అయినా ఆరోజు ఆమె ఖాళీ చేతులతోనే ఊరికి పోయింది.

ఇలాంటివి మాకు రోజూ వస్తున్నాయి, ఫోన్లు చేస్తున్నారు, ఉత్తరాలు రాస్తున్నారు, అందుకే ఇవాళ ఈ సంగతి తీసుకున్నాం. కేవైసీ వద్దని మేం అనట్లేదు. వేరేవాళ్ల పేరు మీద అకౌంట్లు తెరిచి సైబర్ మోసాల డబ్బు తిప్పుతున్న రోజులివి, బ్యాంకు తన కస్టమర్ ఎవరో తెలుసుకోవాల్సిందే, 2002 నాటి మనీ లాండరింగ్ చట్టం కూడా అదే చెప్తుంది. మేం అనేది ఒక్కటే. పేరులో తేడా వచ్చినప్పుడు ఆ మనిషి దొంగ కాదని నిరూపించుకునే బరువంతా ఆ మనిషి నెత్తినే పెట్టి, అప్పటిదాకా ఆమె డబ్బు ఆమెకి అందకుండా చేయడం అన్యాయం, పైగా రిజర్వ్ బ్యాంకు చెప్పింది కూడా అది కాదు.

అసలు ఇప్పుడే ఇంతమందికి ఎందుకు వచ్చిందో ముందు చూడాలి. పేదలకి బ్యాంకు ఖాతాలు తెరిచే జన్‌ధన్ పథకం 2014 ఆగస్టు 28న మొదలైంది. ఆ ఆగస్టులో ఒక్క వారంలో కోటీ 80 లక్షల పైచిలుకు ఖాతాలు తెరిచారని గిన్నిస్ రికార్డు కూడా వచ్చింది. రిస్క్ తక్కువున్న ఖాతాలకి పదేళ్లకోసారి, మధ్యరకానికి ఎనిమిదేళ్లకి, ఎక్కువ రిస్క్ ఉన్నవాటికి రెండేళ్లకోసారి కేవైసీ అప్‌డేట్ చేయాలన్నది రూలు, అంటే అప్పుడు తెరిచిన ఖాతాలన్నీ 2024 నుంచి ఒక్కసారే గడువుకి వచ్చి పడ్డాయి. మీది ఏ రకమో మాత్రం బ్యాంకు మీకు చెప్పదు, అది రహస్యంగా ఉంచాలని రూల్లోనే ఉంది, కాబట్టి నా గడువు ఎప్పుడు అయిపోతుందో నాకే తెలియదు అని జనం అనడంలో తప్పేం లేదు. ఇంకో మాట, అంత వేగంగా ఖాతాలు తెరిచినప్పుడు ఫారాలు నింపింది ఎవరు? ఆ ఆడవాళ్లు కాదు. క్యాంపులో కూర్చున్నవాళ్లే పేరు అడిగి తమకి వినపడినట్టు ఇంగ్లిష్‌లో కొట్టుకున్నారు. ఆ తప్పుకి ఇవాళ దండన ఆమెకి పడుతోంది.

మన పేర్ల సంగతి కొంచెం వివరంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఈ కష్టం మిగతా రాష్ట్రాల కంటే మన దగ్గర వేరేగా ఉంటుంది. మనకి ఇంటిపేరు ముందు వస్తుంది, అసలు పేరు తర్వాత. కంప్యూటర్ ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు డబ్బాలు ఉంటాయి. ఒక ఆపరేటర్ ఇంటిపేరుని మొదటి డబ్బాలో పెడతాడు, ఇంకొకడు రెండో దాంట్లో, మూడోవాడు ఒక్క అక్షరం కొట్టి చుక్క పెట్టి వదిలేస్తాడు. పాన్ కార్డులో పొడి అక్షరాలు కుదరవు కాబట్టి అక్కడ మొత్తం విప్పి రాస్తారు, ఓటరు కార్డులో ఇంకోలా ఉంటుంది. లక్ష్మి అనే పేరుని ఇంగ్లిష్‌లో ఒకచోట ఎక్స్ పెట్టి రాస్తే ఇంకోచోట కే ఎస్ హెచ్ పెట్టి రాస్తారు, వెంకట చివర ఏ ఉంటుందో ఉండదో, సత్యనారాయణ ఒక మాటో రెండు మాటలో, పేరు చివర రెడ్డి, గౌడ్, రావు ఒక కార్డులో ఉంటాయి ఇంకో కార్డులో ఉండవు. తెలుగులో చదివితే అన్నీ ఒకటే పేరు, ఇంగ్లిష్ అక్షరాలు పక్కపక్కన పెట్టి చూసే సాఫ్ట్‌వేర్‌కి మాత్రం నలుగురు మనుషులు. తెలుగు వచ్చిన ఆఫీసర్ ఒక్కసారి తలెత్తి చూస్తే అయిపోయే పని ఇది.

ఆడవాళ్ల విషయం ఇంకా కష్టం. పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది, కొందరికి కాగితాల్లో మారుతుంది, కొందరికి మారదు, కొందరికి సగం కాగితాల్లో మాత్రమే మారుతుంది. దీనికి రిజర్వ్ బ్యాంకు రూల్లో దారి ఉంది, ఐడీ కార్డు తీసుకున్నాక పేరు మారినా సరే, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ గానీ గెజిట్ నోటిఫికేషన్ గానీ జతచేస్తే ఆ కార్డు చెల్లుతుంది. వినడానికి బాగుంది. కానీ మన దగ్గర పెళ్లిళ్లు తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలన్న చట్టమే 2002లో వచ్చింది, ఇవాళ యాభై దాటిన ఆవిడ పెళ్లి అంతకుముందే ఎప్పుడో అయిపోయింది, ఆ పందిట్లో సర్టిఫికెట్ మాట ఎవరు ఎత్తారు? ఇప్పుడు తీయాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, పెళ్లి ఫొటో, సాక్షులు, కూలి పోగొట్టుకుని తిరగడం. ఆధార్‌లో మార్పిద్దామంటే దానికీ కాగితం కావాలి, పైగా ఆధార్‌లో పేరు జీవితం మొత్తంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టినతేదీ ఒక్కసారే. బ్యాంకు రికార్డులో పొడి అక్షరం తప్పుంటే ఆధార్ మార్చుకో అని పంపడం అంటే ఉన్న ఆ రెండు అవకాశాల్లో ఒకటి అనవసరంగా కాల్చేయడమే. తప్పు ఎక్కడుందో అక్కడ దిద్దాలి, బ్యాంకు రికార్డు దిద్దడం బ్యాంకు చేతిలో పని.

ఇక రూల్ ఏం చెప్తుందో మన పాఠకులకి తెలిసి ఉండాలి, కౌంటర్ దగ్గర అడగడానికైనా. వివరాల్లో ఏ మార్పూ లేకపోతే మళ్లీ కాగితాలు ఇవ్వక్కర్లేదు, ఏమీ మారలేదు అని ఒక డిక్లరేషన్ ఇస్తే చాలు, అది రిజిస్టర్ అయిన ఫోన్ నంబర్ నుంచో, ఈమెయిల్‌లోనో, ఏటీఎంలోనో, నెట్ బ్యాంకింగ్‌లోనో, ఉత్తరం రాసో ఇవ్వొచ్చు. 2023 జనవరి 5న రిజర్వ్ బ్యాంకు ఈ మాట మళ్లీ స్పష్టంగా చెప్పింది, అయినా బ్రాంచికి రావాల్సిందే అనేవాళ్లు ఇంకా ఉన్నారు. అడ్రస్ ఒక్కటే మారితే కొత్త అడ్రస్ రాసిస్తే చాలు, రెండు నెలల్లో బ్యాంకే సరిచూసుకోవాలి. ఖాతా ఉన్న బ్రాంచికే పోవాలని లేదు, ఆ బ్యాంకు ఏ బ్రాంచిలో అయినా చేయించుకోవచ్చు. ఆధార్ ఒక్కటే కావాలి అనడానికీ లేదు, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్స్, ఓటరు కార్డు, ప్రభుత్వ అధికారి సంతకం ఉన్న ఉపాధి హామీ జాబ్ కార్డు, ఇవన్నీ చెల్లుతాయి. పైన చెప్పిన ఆవిడ కవర్లో ఆ జాబ్ కార్డు ఉంది, దాన్ని ఎవరూ తెరిచి కూడా చూడలేదు. ఆధార్ ద్వారా పడే సర్కారు డబ్బులకి మాత్రం ఆధార్ లెక్క వేరు. అక్కడ ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) లింక్ అని ఇంకో ముడి ఉంది, ఆధార్ చివరిసారి ఏ బ్యాంకుకి లింకైతే డబ్బు ఆ ఖాతాలో పడుతుంది, దానికీ కేవైసీకీ సంబంధం లేదు. ఈ రెండూ కలిపేసి జనాన్ని మీసేవకీ బ్యాంకుకీ మధ్య తిప్పుతున్నారు.

2025 జూన్ 12న వచ్చిన సవరణ ఇంకా ముఖ్యం. గడువుకి ముందు మూడుసార్లు కబురు పెట్టాలి, అందులో కనీసం ఒకటి ఉత్తరం, గడువు దాటాక ఇంకో మూడుసార్లు గుర్తుచేయాలి, అందులోనూ ఒకటి ఉత్తరం. రిస్క్ తక్కువున్న కస్టమర్ అయితే గడువు దాటినా ఏడాదిపాటు గానీ 2026 జూన్ 30 దాకా గానీ, ఏది తర్వాత వస్తే అప్పటిదాకా, లావాదేవీలన్నీ జరగనివ్వాలని రాశారు. మార్పు లేనివాళ్ల డిక్లరేషన్, అడ్రస్ మార్పు ఊళ్లో బీసీ దగ్గరే తీసుకోవచ్చని కూడా చెప్పారు. ఆ ఉత్తరం మీ ఇంటికి వచ్చిందా అని మాకు ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ అడిగాం, వచ్చిందని ఒక్కరూ చెప్పలేదు. మెసేజ్ వచ్చి ఉండొచ్చు, కానీ కేవైసీ పేరుతో వచ్చే మెసేజ్ అంటేనే జనానికి భయం, లింక్ నొక్కితే, ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ పెట్టే ఫైల్) ఎక్కించుకుంటే అకౌంట్ ఊడ్చుకుపోతారని పోలీసులే చెప్తున్నారు. ఆ భయం సరైనదే. మోసగాళ్లు వాడేది సరిగ్గా ఇదే మాట, కేవైసీ చేయకపోతే అకౌంట్ బ్లాక్ అవుతుంది అని. బ్యాంకులు నిజంగానే చెప్పాపెట్టకుండా బ్లాక్ చేస్తుంటే ఆ బెదిరింపు నమ్మేలా చేస్తున్నది ఎవరు? రూల్లో ఉత్తరం పెట్టింది ఇందుకే కదా. ఎవరైనా మోసపోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

వేలిముద్ర గురించి కూడా చెప్పాలి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టి చుట్టి వేళ్లు నున్నగా అయిపోయిన ఆడవాళ్లని అడిగితే తెలుస్తుంది, మిషన్ మీద బొటనవేలు పెట్టి, తీసి, కొంగుకి తుడుచుకుని, తడిబట్టతో రుద్దుకుని మళ్లీ పెట్టి, పది వేళ్లూ అయిపోయాక ఇవాళ పడట్లేదు రేపు రా అనిపించుకుని పోవడం. పడకపోవడం వాళ్ల తప్పు కాదు, ఇరవై ఏళ్ల పని తాలూకు గుర్తు అది. కంటిపాప మిషన్ ఉంది, ముఖంతో చూసే పద్ధతి వచ్చింది, ఏదీ కుదరకపోతే కాగితం తీసుకుని ఒరిజినల్‌తో సరిచూసే పాత పద్ధతి ఎటూ ఉంది, దాన్ని ఎవరూ రద్దు చేయలేదు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఈ బాటలోదే. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్నవాళ్లని కళ్లార్పితేనే కేవైసీ అంటే వాళ్లు ఎక్కడికి పోవాలి? డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని చెప్పి కోర్టు ఇరవై ఆదేశాలిచ్చింది. ఆ తర్వాత ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు రూలు సవరించింది, ఏ కేవైసీ దరఖాస్తునీ ఆలోచించకుండా తిప్పికొట్టకూడదు, తిప్పికొడితే కారణం ఆ ఆఫీసర్ రికార్డు చేయాలి.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకి ఇది ఇంకో రకంగా తగులుతోంది, దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్న కొడుకుకి ఇండియా సిమ్ రీఛార్జ్ లేక ఆగిపోతే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే ఆన్‌లైన్‌లో ఏదీ కాదు. వాళ్లు అక్కడి మన ఎంబసీలోనో, నోటరీ దగ్గరో కాపీల మీద సర్టిఫై చేయించి పంపొచ్చని రూల్లో ఉంది, ఇది తెలియక టికెట్ పెట్టుకుని వచ్చేవాళ్లు ఉన్నారు.

పేరు కలవకపోవడం లాంటివాటితో జనం ఇబ్బంది పడుతున్నారని 2024 డిసెంబర్ 2న రిజర్వ్ బ్యాంకు తన సర్క్యులర్లో తనే రాసుకుంది, సర్కారు సాయం పడే ఖాతాలని వేరుచేసి ఆ డబ్బు ఆగకుండా చూడమని బ్యాంకులకి చెప్పింది. అంటే పైనవాళ్లకి తెలుసు. కింద బ్రాంచిలో అమలు కావట్లేదు. బ్రాంచి వాళ్లనే తిట్టడం కూడా మా ఉద్దేశం కాదు, ఇద్దరు ముగ్గురు సిబ్బందితో వందలమందిని చూసే చోట, పేరు తేడా ఉన్నా ఒప్పుకుంటే రేపు ఆడిట్‌లో నా మీదికి వస్తుందేమో అని భయపడే క్లర్క్‌కి ధైర్యం ఇవ్వాల్సింది అతని పైవాళ్లు. పొడి అక్షరం, స్పెల్లింగ్, ఇంటిపేరు ముందూ వెనకా, ఈ మూడు తేడాలుంటే ఫొటో, పుట్టినతేదీ, పాత సంతకం చూసి ఆఫీసర్ ఒప్పుకోవచ్చు, ఏ తప్పూ రాదు అని రెండు రాష్ట్రాల బ్యాంకర్ల కమిటీలూ ఒక పేజీ ఆర్డర్ తెలుగులో రాసి ప్రతి బ్రాంచిలో గోడకి అతికించాలి. నిజంగా అనుమానం ఉన్నచోట కూడా పడిన కూలి, పెన్షన్ తీసుకోనిచ్చి ఆ తర్వాత విచారించుకోవాలి.

పాఠకులకి మేం చెప్పేది, కాగితాలు ఇచ్చాక తారీఖు వేసి రసీదు అడగండి, అది ఇవ్వాలని రూల్లో ఉంది. కుదరదంటే ఎందుకు కుదరదో రాసి ఇమ్మని అడగండి. బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాక ముప్పై రోజుల్లో తేల్చకపోతే రిజర్వ్ బ్యాంకు ఆంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) పంపొచ్చు, పైసా ఖర్చు లేదు, వివరాలకి 14448కి ఫోన్ చేయొచ్చు.

2025 జులై నుంచి సెప్టెంబర్ దాకా పంచాయతీల్లో రీ-కేవైసీ క్యాంపులు పెట్టారు, మంచి పని. మళ్లీ పెట్టినప్పుడు ఒక్క బ్యాంకు వాళ్లు మాత్రమే వచ్చి కూర్చుంటే ఈ పేర్ల ముడి వీడదు. ఆధార్ కిట్‌తో ఒకరు, పెళ్లి రిజిస్టర్‌తో పంచాయతీ సెక్రటరీ, సంతకం పెట్టే అధికారం ఉన్న బ్యాంకు ఆఫీసర్, ముగ్గురూ అదే రోజు అదే టెంట్ కింద ఉండాలి. ఆ ఆవిడ ప్లాస్టిక్ కవరు తెచ్చి ఒకసారి తెరిస్తే సాయంత్రానికి ఆమె కూలి ఆమె చేతిలో ఉండాలి.