సంతకం పెట్టినవాడికి తెలియదట

లియొనెల్ మెస్సీ 2025 డిసెంబరులో ఉప్పల్ స్టేడియానికి వచ్చి వెళ్లినప్పటి నుంచి ఒకే సందేశం మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులోకి నాలుగుసార్లు వచ్చింది. మొదట మా బావమరిది పంపాడు, తరువాత విజయనగరంలో ఉండే పెద్దమ్మ కొడుకు పంపాడు, వారం తిరగకుండా డాలస్ నుంచి మేనకోడలు పంపింది, ఆఖరికి మా బాబాయి "నువ్వు ఫుట్‌బాల్ చూస్తావు కదరా, ఇది చదివావా" అని ఒక వాక్యం చేర్చి మరీ పంపారు. మెస్సీ పన్ను కేసు గురించి పత్రికలు దాచిపెట్టిన ఆరు నిజాలట. కోర్టు అతనికి క్లీన్ చిట్ ఇచ్చిందని, అసలు కేసే మెస్సీ ఆడిన బార్సిలోనా జట్టుకు ప్రత్యర్థులైన మాడ్రిడ్ వాళ్ల కుట్ర అని, చేసిందంతా తండ్రేనని, మెస్సీకి ఏమీ తెలియదని, రొనాల్డో ఎగవేసింది నాలుగున్నర రెట్లు ఎక్కువ కాబట్టి మెస్సీయే గొప్పవాడని, చేసిన దానధర్మాలతో లెక్క సరిపోయిందని, అంతటి ప్రతిభావంతుణ్ణి పన్ను అడగడమే తప్పని, కొసరుగా మారడోనా మాత్రం కట్టాడా అని అందులోని సారాంశం.

నేను మెస్సీ అభిమానినే. తెల్లవారుజామున అలారం పెట్టుకుని లేచి మ్యాచ్ చూసిన రాత్రులకు మా ఇంట్లో సాక్షులు ఉన్నారు. అందుకే ఈ సందేశం నాకు రొనాల్డో అభిమానుల తిట్లకన్నా ఎక్కువ చిరాకు కలిగించింది. అవతలివాళ్లు రాసిన అబద్ధాన్ని పట్టించుకోకుండా వదిలేయవచ్చు గాని, మన పక్షాన నిలబడి రాసిన అబద్ధానికి ఎవరో ఒకరు జవాబు చెప్పక తప్పదు.

క్లీన్ చిట్ సంగతి రెండు నిమిషాల్లో తేలిపోతుంది. 2016 జూలై 6న బార్సిలోనాలోని న్యాయస్థానం 2007, 2008, 2009 సంవత్సరాలకు ఒక్కొక్కటి చొప్పున మూడు పన్ను ఎగవేత నేరాలలో మెస్సీని, అతని తండ్రిని దోషులుగా తేల్చి, ఇద్దరికీ 21 నెలల జైలుశిక్షతో పాటు లక్షల యూరోల జరిమానా విధించింది. 2017 మేలో స్పెయిన్ సుప్రీంకోర్టు మెస్సీ శిక్షను అలాగే ఉంచి, తండ్రి శిక్షను మాత్రం 15 నెలలకు తగ్గించింది. ఆ జూలైలో జైలుకు బదులుగా రోజుకు 400 యూరోల లెక్కన 2,52,000 యూరోలు కట్టమన్నారు. హింసతో సంబంధం లేని నేరంలో మొదటిసారి రెండేళ్లకు మించని శిక్ష పడినవారిని సాధారణంగా జైలుకు పంపకపోవడం ఆ దేశంలో పరిపాటి; అది మెస్సీ కోసం పుట్టిన వెసులుబాటు కాదు, అతని నిర్దోషిత్వానికి రుజువూ కాదు.

కుట్ర వాదానికి అంతకన్నా తక్కువ సమయం చాలు. తీర్పు చెప్పింది బార్సిలోనాలోని కోర్టు. అదే దశాబ్దంలో పన్ను కేసుల్లో నేరం ఒప్పుకున్నవారిలో రొనాల్డో, డి మరియా, మోద్రిచ్, కోచ్ మొరీన్యో ఉన్నారు. వీళ్లందరూ రియల్ మాడ్రిడ్ జెర్సీ వేసుకున్నవాళ్లో, వేసుకున్నవాళ్లకు ఆట నేర్పినవాళ్లో. సొంత ఇంటివాళ్లందరినీ కోర్టుకు ఈడ్చి పక్కింటివాణ్ణి ఇరికించే కుట్ర ఎంత తెలివైనదో సందేశం రాసినవారే చెప్పాలి.

అయితే ఈ పాయింటులోనే దొర్లిన ఒక మాట సగం నిజమని ఒప్పుకోవాలి. ఆటగాళ్ల ఇమేజ్ హక్కుల (తమ పేరును, బొమ్మను సంస్థలు వాడుకోవడానికి ఇచ్చే హక్కుల) మీద స్పెయిన్ పన్ను చట్టం స్పష్టంగా లేదని, అధికారులు అతిగా పోయారని అందులో ఉంది. స్పెయిన్ ఆటగాడు చాబీ అలోన్సో కేసు చూస్తే ఆ మాటను కొట్టిపారేయలేం. అతను తన ఇమేజ్ హక్కులను పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవిలోని కంపెనీకి బదిలీ చేసినందుకు అభియోగం మోపారు. మిగతావాళ్లలా రాజీకి ఒప్పుకోకుండా అతను ఏళ్ల తరబడి పోరాడాడు. 2019లో మాడ్రిడ్ కోర్టు నిర్దోషి అన్నది, చివరకు 2023లో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. కాబట్టి ఇమేజ్ హక్కులకు కంపెనీ పెట్టుకున్న ప్రతివాడూ దొంగ కాదు. కాకపోతే ఈ ఉదాహరణ మెస్సీని రక్షించదు, ఎందుకంటే మెస్సీ కేసు కూడా అదే సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయింది.

ఇక అసలు విషయానికి వస్తాను. "తండ్రి చేశాడు, పిల్లవాడికి ఏమీ తెలియదు" అన్న మూడో పాయింటు ఈ సందేశానికి గుండెకాయ. అందరూ కళ్లు చెమర్చుకుని పంపేది దీని కోసమే.

జరిగింది ఇది. అడిడాస్, పెప్సీ, డానోన్ వంటి సంస్థలు మెస్సీ బొమ్మ వాడుకున్నందుకు ఇచ్చే సొమ్ము, అతను నివసించే స్పెయిన్‌కు రాకుండా, బ్రిటన్‌లోనో స్విట్జర్లాండ్‌లోనో ఉన్న కంపెనీ చేతికి వెళ్లి, అక్కడి నుంచి ఉరుగ్వే, బెలీజ్‌లలో కాగితాల మీద మాత్రమే బతుకుతున్న కంపెనీలకు చేరేది. ఈ దారిలో దాదాపు కోటీ ఒక లక్ష యూరోల ఆదాయం స్పెయిన్ లెక్కల్లోకి రాలేదు, దాని మీద కట్టాల్సిన 41 లక్షల యూరోల పన్ను ఎగిరిపోయింది. ఏడాదికి 1,20,000 యూరోలు దాటి ఎగవేస్తే స్పెయిన్‌లో అది నేరం అవుతుంది. ఇక్కడ మూడేళ్లూ దాటింది కాబట్టే మూడు నేరాలు. ఏర్పాటు మొదలైనప్పుడు మెస్సీ మైనరు అన్నది నిజమే. కేసులో ఉన్న సంవత్సరాల నాటికి మాత్రం అతనికి 20 నుంచి 22 ఏళ్లు, సంతకాలు అతనివే.

2016 జూన్ 2న కోర్టులో నిలబడి అతను చెప్పినదాని సారం కూడా ఇదే: తాను ఆట మీదనే దృష్టి పెట్టానని, నాన్నను, న్యాయవాదులను నమ్మి ముందు పెట్టిన కాగితాల మీద సంతకాలు చేశానని. పదమూడేళ్ల వయసులో రొసారియో వదిలి, ఎదుగుదల కోసం రోజూ ఇంజెక్షన్లు చేయించుకుంటూ, తండ్రి వెంట పరాయి దేశానికి వచ్చిన పిల్లవాడు ఆ తండ్రిని అలా నమ్మాడంటే నేనూ నమ్ముతాను. ప్రభుత్వ ప్రాసిక్యూటరే నమ్మి, మెస్సీని వదిలేసి తండ్రికి మాత్రం శిక్ష వేయమని అడిగారు. పన్ను శాఖ తరఫున వాదించిన ప్రభుత్వ న్యాయవాది ఒప్పుకోకపోవడం వల్ల కేసు ఇద్దరి మీదా నిలబడింది. మెస్సీ పక్షాన ఉన్న అతి బలమైన వాదం ఇదొక్కటే. ఆరు నిజాలు తవ్వి తీసినవారికి ఇది మాత్రం దొరకలేదు, చివరకు వారి తరఫున నేనే చెప్పాల్సి వచ్చింది.

కోర్టులు దీన్ని విని ఏమన్నాయంటే, తెలియకపోవడం వేరు, తెలుసుకోకూడదని నిర్ణయించుకోవడం వేరు అన్నాయి. అడిగితే తెలిసే విషయాన్ని, అడగాల్సిన బాధ్యత ఉన్నవాడు, అడగకపోవడంలోనే లాభం ఉంది కాబట్టి అడగకుండా ఉంటే, ఆ అజ్ఞానం రక్షణగా పనికిరాదు. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి గురించి మన అమ్మమ్మలు చెప్పింది స్పెయిన్ న్యాయమూర్తులు పేజీలకు పేజీలు రాశారు, అంతే.

దీని మీద ఇంత కోపం ఎందుకంటే, ఈ పాయింటు ఫుట్‌బాల్ దగ్గర ఆగదు. "నాన్న పెట్టమన్నాడు, పెట్టాను" అన్న వాక్యాన్ని మన ఇళ్లలో ఎంతమంది చెప్పుకుంటూ తిరుగుతున్నారో అందరికీ తెలుసు. భార్య పేరున కంపెనీ, డ్రైవరు పేరున డైరెక్టరు పదవి, బావమరిది పేరున భూమి, ఇవన్నీ అడక్కుండా సంతకం పెట్టే మంచితనం మీదే నడుస్తున్నాయి. నా మంచితనం సంగతీ చెబుతాను. ఏడెనిమిదేళ్ల కిందట ఒక పన్నుల సలహాదారు రిఫండు బాగా తెప్పిస్తానన్నాడు. నేను కట్టని అద్దెను, ఇవ్వని విరాళాన్ని రిటర్నులో చూపించాడు. నేను సంతకం కూడా పెట్టలేదు, ఫోనుకు వచ్చిన ఓటీపీని చదివి చెప్పాను. రిఫండు వచ్చినప్పుడు ఎందుకింత వచ్చిందని అడగలేదు. రెండేళ్లకు నోటీసు వచ్చినప్పుడు అడుగుదామంటే ఆయన ఫోను ఎత్తలేదు. రిటర్ను మీద ఉన్న పాన్ నాది, ఓటీపీ చెప్పిన నోరు నాది, వడ్డీతో కట్టిన డబ్బూ నాదే. అప్పుడు నా కోసం ఎవరూ ఫార్వర్డులు పంపలేదు. బహుశా నేను ఫ్రీకిక్కులు కొట్టలేకపోవడం వల్ల కావచ్చు.

రొనాల్డో లెక్క గురించి. సందేశంలో మెస్సీ పక్కన 41 లక్షల యూరోలు, రొనాల్డో పక్కన ఒక కోటీ 88 లక్షల యూరోలు వేసి తేడా చూడమన్నారు. మొదటిది ఎగవేసిన అసలు పన్ను, రెండోది రాజీలో భాగంగా పన్నుతో పాటు జరిమానాలు, వడ్డీ కలిపి కట్టడానికి ఒప్పుకున్న మొత్తం. కొబ్బరికాయ బరువును కొబ్బరిబోండాల బస్తా బరువుతో పోల్చినట్టుంది. 2019 జనవరిలో మాడ్రిడ్ కోర్టులో నల్ల కళ్లద్దాలతో వచ్చి, నేరం ఒప్పుకుని, వెళ్తూ ఆటోగ్రాఫులు ఇచ్చిన రొనాల్డోకు పడిన శిక్ష 23 నెలలు, మెస్సీకి 21. అతనూ జైలుకు వెళ్లలేదు. అంటే ఈ సందేశం ప్రకారం ప్రపంచంలో అత్యుత్తమ ఆటగాడెవరన్న ఇరవై ఏళ్ల వివాదం రెండు నెలల తేడాతో తేలిపోయిందన్నమాట. ఏటి మేటి ఆటగాడికిచ్చే బాలన్ డోర్‌లు ఎనిమిది, 2022 ప్రపంచకప్ అనవసరంగా గెలిచాడు పాపం.

దానధర్మాల పాయింటుకు జవాబు లేదు, అవసరమూ లేదు. పన్ను కట్టాక మిగిలిన దాంతో చేసేదే దానం.

గొప్పతనం సంగతి వచ్చింది కాబట్టి ఒక దృశ్యం గుర్తు చేస్తాను. 2009 మే 27, రోమ్, చాంపియన్స్ లీగ్ ఫైనల్. 70వ నిమిషంలో సహచరుడు చావి కుడివైపు నుంచి బంతి లేపాడు. మైదానంలో పొట్టివాళ్లలో ఒకడైన మెస్సీ వెనక్కి వాలుతూ గాలిలోకి లేచి, అవతలి గోల్‌కీపర్ ఫాన్ డెర్ సార్ మీదుగా తలతో బంతిని వలలోకి పంపాడు. ఆ ఊపులో కాలి బూటు ఊడిపోయింది. ఆ నీలం బూటును చేతిలోకి తీసుకుని ముద్దు పెట్టుకున్నాడు. అది అడిడాస్ బూటు. అతను ఏ కంపెనీ బూటును ముద్దు పెట్టుకున్నాడో ఆ కంపెనీ ఇచ్చే సొమ్ము కూడా ఆ ఏడాది ఉరుగ్వే దారి పట్టిన దానిలో ఉంది. కేసులో ఉన్న మూడు సంవత్సరాల్లో 2009 చివరిది. మొదటి సంవత్సరం 2007లోనే అతను గెటాఫే జట్టు మీద సగం మైదానం అవతలి నుంచి అందరినీ దాటుకుంటూ వెళ్లి గోలు కొట్టాడు. ఆ గోలును కోర్టు రద్దు చేయలేదు, ఆ గోలును చూపించి కోర్టులో రాయితీ అడగడానికీ వీల్లేదు. ఆటలో అతనికన్నా గొప్పవాణ్ణి నేను చూడలేదన్న నా అభిప్రాయం తీర్పు వచ్చిన రోజున ఎంత ఉందో ఈరోజూ అంతే ఉంది, దానికి పన్ను పత్రాల సాక్ష్యం అక్కర్లేదు.

అంతటివాణ్ణి పన్ను అడగకూడదన్న ఆఖరి పాయింటు మన దేశంలో ఇదివరకే ఒకసారి ఓడిపోయింది. బ్రాడ్‌మన్ 29 శతకాలను సమం చేసినందుకు సచిన్ టెండూల్కర్‌కు ఫెరారీ బహుమతిగా వస్తే, కోటి రూపాయలకు పైబడిన కస్టమ్స్ సుంకాన్ని 2003లో ప్రభుత్వం మాఫీ చేసింది. సచిన్‌ను దేవుడని కొలిచే జనమే ఊరుకోలేదు, చివరకు ఆ సుంకాన్ని ఫియట్ కంపెనీ కట్టింది. అదే సచిన్ ప్రకటనల్లో నటించినప్పుడు తాను క్రికెటర్‌ను కాదు, నటుణ్ణని వాదించి పన్ను మినహాయింపు కోరితే 2011లో ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ అవునన్నది. నవ్వు వచ్చే వాదనే కావచ్చు గాని, ఆదాయం మొత్తం రిటర్నులో చూపించి, మినహాయింపు అడిగి, గెలిచి తీసుకున్నాడు. తక్కువ పన్ను కట్టాలనుకోవడం తప్పు కాదు. ఆదాయాన్నే బెలీజ్‌లో దాచడం వేరు.

మిగిలింది మారడోనా. ఇటలీకి మూడున్నర కోట్ల యూరోలకు పైగా ఎగ్గొట్టాడని సందేశంలో ఉంది. ఇటలీ పన్ను శాఖ ఏళ్ల తరబడి అలాగే అన్నది. 2009లో మారడోనా ఇటలీలోని మెరానోలో చికిత్సకు వెళ్తే ఆయన చెవిపోగులు కూడా తీసుకుని, తరువాత వేలం వేసింది. కానీ 2024 ఆరంభంలో ఇటలీ అత్యున్నత న్యాయస్థానం ఆ బాకీని కొట్టివేసింది. అప్పటికి ఆయన చనిపోయి మూడేళ్లు దాటింది. ఈ పాయింటులో సందేశం రాసినవారిని నేను పెద్దగా తప్పుపట్టలేను. 2020 నవంబరులో మారడోనా పోయిన రాత్రి, "ఎంత గొప్పవాడైనా ఇటలీకి బాకీపడే పోయాడు" అని ఇదే కుటుంబ గ్రూపులో రాసింది నేనే. దానికి బాబాయి బొటనవేలు కూడా ఎత్తారు. తీర్పు వార్త చదివిన రోజున దాన్ని సరిదిద్దాలనుకుని మరచిపోయాను. ఈ జవాబుతో పాటు ఆ దిద్దుబాటునూ ఈ రాత్రికి గ్రూపులో పెడుతున్నాను.